పన్నెండు రోజుల లెక్క

కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లకు వలస కొత్త కాదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సులిచ్చి మనుషుల్ని పోగుచేసి డ్యాముల మీదికి, కాలువల మీదికి, ముంబై, పుణెల్లో లేచే భవనాల మీదికి తోలుకుపోవడం, పీర్ల పండుగకో దసరాకో వాళ్లంతా ఇల్లు చేరడం పాలమూరు మనుషులకు తరాల నుంచి తెలిసిన బతుకు. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల్లో కృష్ణ నీళ్లు పారాక కొన్ని ఊళ్లలో వలస తగ్గింది గానీ ఆగిపోలేదు. పండుగకు వచ్చిన భర్త పది రోజులుండి వెళ్లిపోతాడు. నెల తిరిగేసరికి భార్య నెల తప్పుతుంది. స్కానింగ్ కాగితం మీద వారాలుంటాయి, ఇంట్లోవాళ్ల వేళ్ల మీద అతను వచ్చిన రోజులుంటాయి. రెండూ కలవవు. అవి కలవవని ముందే చెప్పేవాళ్లు దగ్గర లేకపోతే నింద ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

ఈ సంవాదంలోని ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులు. లెక్కలు, చట్టాలు, పరిశోధనలు మాత్రం నిజమైనవి. ఒకరు పనులు మానుకుని ఊళ్లో ఉంటున్న పాత గుంపు మేస్త్రీ, ఇంకొకరు ఊరంతా నర్సమ్మ అని పిలిచే ఆ ఊరి ఏఎన్ఎం. మేస్త్రీ దుర్మార్గుడు కాదు. అతని అనుమానం చాలా ఇళ్లలో ఉండే అనుమానమే, అందుకే అతని వాదాన్ని తేలిక చేయలేదు. తేదీ 2025 నవంబరు 18 అనుకోండి. అతని తమ్ముడి కోడలికి ఆ పొద్దుటే స్కాన్ అయింది.

మేస్త్రీ: బిడ్డా, నేను పెద్ద చదువు చదువుకోలే. కాని ముప్పై ఏండ్లు మస్టర్ రాసిన. ఒక్క హాజరు తప్పు పడితే ఒక మనిషి కడుపు మీద కొట్టినట్టే. అందుకే లెక్క కాడ నేను మొకమాటం పడ. ఈ కాయిదం మీద ఏమున్నది? ఎనిమిది వారాల నాలుగు రోజులు. అంటే 60 దినాలు. మా తమ్ముని కొడుకు పుణె నుంచి ఇల్లు చేరింది దసరాకు ఒక్కరోజు ముందుగాల, అక్టోబర్ 1న. ఈ రోజుకు 48 దినాలు. తక్కిన పన్నెండు దినాలు యాడికెళ్లి వచ్చినయ్?

నర్సమ్మ: ఈ మాట ఇంకెవరితోనన్న అన్నవా పెద్దనాయన?

మేస్త్రీ: నేను అనేదేంది? కాయిదం ఫోటో వాట్సాప్‌ల పుణెకు పోయింది. సైట్ మీద తోటోళ్లే లెక్క తీసిండ్రట. మావోడు ఫోన్ల ఏడుస్తున్నడు. నువ్వు సర్కారు మనిషివి, నిజం చెప్తవని వచ్చిన.

నర్సమ్మ: చెప్త. ఆ అరవై దినాలు కడుపుల బిడ్డ పడ్డ నాటి నుంచి కావు. ఆమె ఆఖరుసారి బయట కూసున్న మొదటి రోజు నుంచి. తల్లీబిడ్డల ఎంసీపీ కార్డు మీద మొదట రాసుకునే తారీకు అదే. ఆ నాటికి కడుపుల బిడ్డ లేదు, అండం కూడ విడుదల కాలేదు. నెల నెల సరిగ్గ వచ్చే ఆడమనిషికి అండం విడుదలయ్యేది సుమారు రెండు వారాలకు. అంటే కాయిదం మీద ఉన్న వారాలల్ల మొదటి రెండు వారాలు బిడ్డవి కావు. 60ల నుంచి 14 తీసెయ్యి.

మేస్త్రీ: నలభై ఆరు.

నర్సమ్మ: మీవోడు వచ్చి?

మేస్త్రీ: నలభై ఎనిమిది... ఆగు ఆగు. లేని బిడ్డకు రెండు వారాల వయసు కట్టుడేంది? అది దొంగ మస్టర్ కాదా? పని మీదికి రాని మనిషికి హాజరు వేసినట్టు!

నర్సమ్మ: నీ గుంపులకు అడ్వాన్సు లెక్క ఏ రోజు నుంచి కట్టేటోనివి? మట్టి తవ్విన రోజు నుంచా, ఊరు కదిలిన రోజు నుంచా?

మేస్త్రీ: ఊరు కదిలిన నాటి నుంచే. లారీ ఎక్కిన తారీకు అందరికీ ఎరుకనే ఉంటది. పని ఏ రోజు మొదలైతదో ఎవరు చెప్తరు? ఒకసారి సిమెంటు రాదు, ఒకసారి వాన.

నర్సమ్మ: ఇది కూడ అంతే. బిడ్డ పడ్డ గడియ ఎవరికీ కనపడదు, ఆ తల్లికి కూడ తెల్వదు. నెలసరి మొదలైన రోజైతే ఆమెకు పక్కాగ తెలుస్తది. అందరికీ తెలిసిన తారీకు కాడ మొదలువెట్టిండ్రు. రెండు వందల ఏండ్ల కింద జర్మనీల నేగెలె అనే డాక్టరు ఒక సూత్రం చెప్పిండు. ఆఖరి నెలసరి తారీకుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపు, అది కాన్పు తారీకు. మొత్తం 280 రోజులు. ఇప్పటికీ ప్రతి కార్డు మీద ఆ లెక్కే.

మేస్త్రీ: మా అమ్మ తొమ్మిది నెలల తొమ్మిది దినాలు అంటుండె.

నర్సమ్మ: మీ అమ్మ మాట సూత్రానికి రెండు రోజులే దూరం. మన పెద్దోళ్లు కూడ నెల తప్పిన కాడికెళ్లే వెనకకు లెక్క పట్టేటోళ్లు. మరి మీ కోడలిని అడిగిన, ఎప్పుడు బయట కూసున్నవమ్మా అని. క్యాలెండర్ చూడకుంటనే చెప్పింది. "ఎంగిలిపూల బతుకమ్మ నాడు. అందరు ఆడిండ్రు, నేను గడప మీద కూసోని చూసిన" అన్నది. ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21. ఆ రోజు నుంచి ఈ రోజుకు 58 దినాలు, ఎనిమిది వారాల రెండు రోజులు. స్కాన్ ఎనిమిది వారాల నాలుగు అన్నది. రెండు రోజులే తేడా. తొమ్మిది వారాలు నిండకముందు తీసిన స్కానుకు, ఆమె చెప్పిన తారీకుకు ఐదు రోజుల కంటే ఎక్కువ తేడా ఉంటెనే డాక్టర్లు తారీకు మారుస్తరు. తొమ్మిది నుంచి పదమూడు వారాల దాక ఏడు రోజుల తేడా దాటాలె. కాబట్టి ఆమె చెప్పిన తారీకే నిలబడ్డది. కార్డు మీద కాన్పు తారీకు 2026 జూన్ 28 అని రాసిన.

మేస్త్రీ: స్కాను ఆమె నోటి మాటను అడగలే కదా? మిషను బిడ్డనే కొలిచింది. బిడ్డను కొలిచినంక బిడ్డ వయసే చెప్పాలె. ఆ రెండు వారాలు మిషనుల యాడికెళ్లి దూరినయ్?

(మేస్త్రీ వేసిన ఈ ప్రశ్న చాలామంది చదువుకున్నవాళ్లకు కూడా తట్టదు. చిక్కంతా ఇక్కడే పడుతుంది.)

నర్సమ్మ: మిషను కొలిచేది పొడుగు. పిండం నెత్తి కాడికెళ్లి పిరుదుల దాక. ఈ వయసుల అది సుమారు రెండు సెంటీమీటర్లే ఉంటది. ఆ పొడుగు ఉన్న పిండం ఎన్ని వారాలదో చెప్పే పట్టిక మిషను లోపల ఉంటది. 1973ల గ్లాస్గోల రాబిన్సన్ అనే డాక్టరు ఈ కొలత పద్ధతిని ముందుకు తెచ్చిండు. నెలసరి తారీకు గట్టిగ గుర్తున్న తల్లుల బిడ్డలను కొలిచి, ఆ తారీకు నుంచి లెక్కపెట్టిన వారాలతోనే అసొంటి పట్టికలు తయారైనయ్. అందుకే మిషను బిడ్డను కొలిచినా, వారాలు మాత్రం నెలసరి లెక్కల్నే అచ్చువేస్తది. ప్రపంచమంత ఇదే లెక్క. కాయిదం మీద మాత్రం ఆ ముక్క విడమర్చి రాయరు.

మేస్త్రీ: రాయాలె గదా! ఒక్క వరుస రాస్తే ఏం పోతది?

నర్సమ్మ: ఏం పోదు. నేను కూడ అదే అంటున్న.

మేస్త్రీ: సరే, నీ లెక్కలకే వస్త. నలభై ఆరు దినాలు అన్నవ్. ఐదు రోజులు అటూ ఇటూ ఉంటదని నువ్వే అన్నవ్. నలభై ఆరుకు ఐదు కలిపితే యాభై ఒకటి. అప్పటికి మావోడు పుణెలనే ఉన్నడు. దీనికేమంటవ్?

నర్సమ్మ: ఐదు తీసేస్తే నలభై ఒకటి. అప్పటికి మీవోడు ఇంట్లనే ఉన్నడు. అటూ ఇటూ అంటే రెండు దిక్కుల. ఒక్క దిక్కే పట్టుకుంటే అది లెక్క కాదు పెద్దనాయన, ముందే చేసిన తీర్పు. ఇంకోటి చెప్త విను. మొగోని బీజం ఆడదాని కడుపుల ఐదు దినాల దాక బతికుంటది. అండం బతికేది ఒక్కరోజే. అంటే కలిసిన రోజు, బిడ్డ పడ్డ రోజు ఒకటే కావాలని లేదు. అమెరికాల నార్త్ కరోలినాల 221 మంది ఆడోళ్లను రోజురోజు పరీక్ష చేసి 1995ల ఒక పరిశోధన అచ్చువేసిండ్రు. అండం విడుదలైన రోజు, దానికి ముందటి ఐదు రోజులు, ఈ ఆరు రోజులల్లనే గర్భాలు నిలిచినయ్. ఆ ఆరు రోజులు కూడ అందరికీ ఒక్క తీరుగ రావు. ఒకరికి పదో రోజు, ఇంకొకరికి ఇరవయ్యో రోజు. మీవోడు ఎన్ని రోజులున్నడు?

మేస్త్రీ: పదో తారీకు పొద్దుటి బస్సుకు పోయిండు.

నర్సమ్మ: ఎంగిలిపూల నాటి నుంచి రెండు వారాలంటే అక్టోబర్ 5. ఆ నాడు మీవోడు మీ ఇంట్లనే ఉన్నడు.

మేస్త్రీ: ఉన్నడు. కాని ఎంగిలిపూల నాడే బయట కూసున్నదని ఎవరు చెప్పాలె? ఆమెనే గదా.

నర్సమ్మ: మీ ఇంట్ల ఆడోళ్లందరికీ తెలుసు. ఆ రోజు బతుకమ్మ పేర్చింది మీ ఇంటామెనే, కోడలి చేతికి పువ్వు ఇయ్యలే. అడుగు. కాదు, అడగకు. అడిగితే ఆ పిల్ల ఒక సాక్షిని తెచ్చుకోవాల్సిన మనిషైతది. నేనైతే ఆ పని చెయ్యనియ్య.

మేస్త్రీ: అంటే నీ సైన్సుకు ఆ తారీకు ఇదీ అని చెప్పనీకి రాదంటవ్.

నర్సమ్మ: రాదు. టెస్ట్‌ట్యూబ్ బిడ్డలకు తప్ప ఎవరికీ రాదు. దవాఖానల అండాన్ని బీజాన్ని కలిపినోళ్లకు తారీకు తెలుస్తది. తక్కినోళ్లందరికీ అది అంచనానే. కాన్పు తారీకు కూడ అంతే. ఆ రోజునే కనేది నూటికి నలుగురైదుగురు. అదే నార్త్ కరోలినా తల్లుల లెక్కలు మళ్ల తీసి 2013ల చూస్తే, అండం విడుదలైన నాటి నుంచి కాన్పు దాక పట్టిన కాలం, నెలలు నిండిన బిడ్డలల్ల కూడ, తల్లికి తల్లికి 37 రోజుల దాక తేడా ఉన్నది.

మేస్త్రీ: మరి ఏ లెక్క ఏమీ తేల్చకపోతే, ఏ ఆడది ఏం చెప్పినా నమ్ముడేనా? ఏడాది ఇంటికి రాని మొగడు ఉన్నా?

నర్సమ్మ: అట్ల అనలే. ఏడాది ఇంటికి రాని మనిషి, ఐదు నెలల కడుపు అంటే ఆ లెక్క మాట్లాడ్తది, నేను కాదన. నెలల తేడాను లెక్క చూపెడ్తది. రోజుల తేడాను చూపెట్టదు. నువ్వు తెచ్చింది పన్నెండు రోజుల తేడా. అది కూడ సగం లెక్క తెలిసి వచ్చిన తేడా.

ఇక్కడ నేను మధ్యలో కలగజేసుకోవాలి. మేస్త్రీ అడిగిన ప్రశ్న కోర్టులకు కూడా వచ్చింది. ఇంగ్లండులో 1921 నాటి గాస్కిల్ కేసులో భర్త సైనిక సేవలో దూరంగా ఉన్నాడు. అతను వెళ్లిన 331 రోజులకు బిడ్డ పుట్టింది. అంత కాలం అసాధ్యమని వైద్యశాస్త్రం తేల్చలేదు కాబట్టి కోర్టు అతనికి విడాకులివ్వలేదు. 1951లో ప్రెస్టన్-జోన్స్ కేసులో అది 360 రోజులు. అక్కడ మాత్రం హౌస్ ఆఫ్ లార్డ్స్ భర్త వైపే తీర్పు చెప్పింది. ఈ రెంటిలో ఏ కేసులోనూ వాదన పన్నెండు రోజుల మీద నడవలేదు.

మన చట్టం ఇంకా స్పష్టం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షనుగా ఉన్నదే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116వ సెక్షను. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే. పెళ్లి రద్దయినా, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, 280 రోజుల్లోగా పుట్టిన బిడ్డ కూడా అంతే. బిడ్డ కడుపున పడగల కాలంలో భార్యాభర్తలకు కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప ఆ మాట మారదు. ఇక్కడ భర్త పది రోజులు ఇంట్లోనే ఉన్నాడు. రక్తపరీక్షలకు మామూలుగా ఆదేశాలివ్వడం కుదరదని 1993లో గౌతమ్ కుందు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యాభర్తల తగవుల్లో పిల్లలకు డీఎన్ఏ పరీక్షలు యథాలాపంగా చేయించరాదని 2023లో మళ్లీ చెప్పింది. దేశపు అత్యున్నత న్యాయస్థానమే అంత వెనకాముందు ఆడే చోట, ఒక వాట్సాప్ ఫోటో చూసి తీర్పు చెప్పడానికి సైటు మీది వాళ్లకు ఏ హక్కు ఉంది?

మేస్త్రీ: కోర్టులకు పోయేటంత పెద్దోళ్లం కాదు బిడ్డా మేము. నాకు ఒకటే అనుమానం. దేనికీ పక్కాగ పనికిరాని లెక్కను మీరంత ఇంత పట్టుపట్టి ఎందుకు రాస్తరు? కార్డు మీద, రిజిస్టర్ల, కంప్యూటర్ల...

నర్సమ్మ: తండ్రిని తేల్చనీకి పనికిరాదన్న. బిడ్డను బతికిచ్చుకోనీకి అదే పనికొస్తది. నెలలు నిండక నొప్పులొస్తే, 24 వారాల నుంచి 34 వారాల లోపల ఉంటే, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడనీకి తల్లికి డెక్సామెథసోన్ సూది వేస్తం. పన్నెండు గంటలకొకటి, నాలుగు సూదులు. 33 వారాలా, 36 వారాలా అన్నది తెల్వకపోతే ఆ సూది వెయ్యాల్నా వద్దా? 37 వారాలు నిండకముందు పుడితే ఆ బిడ్డను ఒక తీరుగ చూడాలె, నిండినంక పుడితే ఇంకో తీరుగ. తారీకు దాటి 41, 42 వారాలైతే కడుపుల బిడ్డకే ప్రమాదం. టిఫా స్కానుకు 18 నుంచి 20 వారాలు మంచి టైం. గుండెల, వెన్నుల ఏమన్న లోపముంటే అప్పుడే కనపడ్తది. కడుపు తీయించుకోవాల్సిన కష్టం వచ్చినా చట్టం గీసిన గీతలు 20 వారాలు, 24 వారాలు. అవి కూడ ఈ లెక్కల్నే. ఒక్క తారీకు మీద ఇన్ని నిలబడి ఉన్నయ్.

మేస్త్రీ: వెనకటికి ఇవన్ని యాడున్నయ్? మంత్రసాని పొట్ట మీద చెయ్యివెట్టి చెప్పేది.

నర్సమ్మ: ఇప్పటికి నేను కూడ చెయ్యివెట్టి చూస్త. గర్భసంచి పైఅంచు బొడ్డు కాడికి వస్తే సుమారు 20 వారాలు. మొదటి కాన్పుల బిడ్డ కదిలినట్టు తెలిసేది 18, 20 వారాలకు. రెండో కాన్పుల ఇంక ముందే. అవి మంచి గుర్తులే, తప్పనను. కాని కవలలుంటే తప్పుతది, ఉమ్మనీరు ఎక్కువుంటే తప్పుతది. తల్లి రక్తం లేక బిడ్డ ఎదగకపోతే, ఎనిమిది నెలల బిడ్డ ఏడు నెలల లెక్క దొరుకుతది. అప్పుడు మనం ఏమనుకుంటం? ఇంక టైమున్నదనుకుంటం. నీ గుంపుల పోయిన ఆడోళ్ల మాట చెప్పు పెద్దనాయన. ఎన్నో నెలల దవాఖానకు వచ్చేటోళ్లు?

మేస్త్రీ: ...ఏడో నెలల, ఎనిమిదో నెలల. ఊరికి వచ్చినంకనే.

నర్సమ్మ: అప్పుడు తీసిన మొదటి స్కానుకు మూడు వారాలు అటూ ఇటూ. ఎందుకంటే మొదటి మూడు నెలలల్ల బిడ్డలందరు దాదాపు ఒక్క కొలత మీదనే పెరుగుతరు. ఆఖరి నెలలల్ల పొడుగు తల్లికి పొడుగు బిడ్డ, పస్తులున్న తల్లికి బక్క బిడ్డ. బిడ్డ చిన్నగ ఉన్నది వయసు తక్కువై చిన్నగున్నదా, తిండి అందక చిన్నగున్నదా, ఏ మిషనూ విడదీసి చెప్పలేదు. స్కాను కొలతల నుంచి వయసు కట్టే పాత సూత్రాలు కూడ మన తల్లుల మీద కట్టినవి కావు. ఈ మధ్యనే గురుగ్రామ్ సర్కారు దవాఖానకు వచ్చిన గర్భిణుల కొలతలతోని ఫరీదాబాద్, ఐఐటీ మద్రాస్ పరిశోధకులు మన దేశానికే ఒక సూత్రం కట్టిండ్రు. గర్భిణి-జీఏ2 అంటరు. 2024ల బయటికొచ్చింది. మూడో నెల దాటినంక దవాఖానకు వచ్చేటోళ్ల కోసమే అది. అంటే నీ గుంపులల్ల పోయినసొంటి ఆడోళ్ల కోసం.

మేస్త్రీ: కాలువ పని మీద ఒక పిల్ల గుడిసెలనే కన్నది. నెలలు నిండినయనే అనుకున్నం అందరం. బిడ్డ ఇంత ఉండె, దోసిట్ల పట్టేటంత. రెండో రోజుకే పోయింది. ఎన్నో నెలనో ఎవరికీ తెల్వదు. ఆ తల్లి పండుగకు నెల తప్పిన అంటుండె. ఏ పండుగనో మేమెవ్వరం అడగలే. నూరు మంది హాజరు నాకు నోటికుంటుండె, ఆ ఒక్క తారీకు మాత్రం నా బుక్కుల లేకుండె.

నర్సమ్మ: మీ కోడలు పండుగ పేరు, రోజు అన్ని చెప్పింది. ఎనిమిది వారాలకే స్కాన్ చేయించుకున్నది. ఇంత తొందరగ వచ్చేటోళ్లు నాకు అరుదు. అట్ల వచ్చినందుకు ఇంట్ల ఆమెకు దొరికిందేంది? నింద. ఈ సంగతి వాడకట్టు ఆడోళ్లకు తెలిస్తే వచ్చే ఏడు ఎవరన్న మూడో నెల లోపల నా కాడికి వస్తరా? కాయిదమే వద్దనుకుంటరు. ఏడో నెల దాక దాచిపెట్టుకుంటరు. ఇంకో బిడ్డ దోసిట్ల పోతది.

మేస్త్రీ: ...ఫోన్ చేస్త. మావోడు నా మాట ఇంటడు. కాని సైటు మీద పది నోర్లున్నయ్ బిడ్డా, వాటినెట్ల మూయాలె?

నర్సమ్మ: ఫోన్ కలిపి నాకియ్యి. మీవోనికి రెండే ముక్కలు చెప్త. అరవైల నుంచి పద్నాలుగు తీసెయ్, నువ్వు ఇల్లు చేరిన తారీకు కాడ పెట్టి చూసుకో. తక్కిన నోర్లకు సమాధానం చెప్పాల్సింది వాడు, ఆ పిల్ల కాదు.

మేస్త్రీ: ఆమెతో నేనేమనాలె?

నర్సమ్మ: ఏమనకు. తొమ్మిదో తారీకు దవాఖానల గర్భిణులను చూసే రోజు. రక్తపరీక్షలున్నయ్. బస్సుల నిలబెట్టకుంట ఆటో మాట్లాడి తీస్కరా.

ఇది చదివేవాళ్లకు నా మనవి ఒకటే. ఇంట్లో ఎవరి స్కాన్ కాగితమైనా మీ చేతికొస్తే, దాని మీది వారాలు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టినవని ముందు గుర్తు తెచ్చుకోండి. బిడ్డ కడుపున పడినట్టు అంచనా వేసే రోజు ఆ మొదటి రోజుకు సుమారు రెండు వారాల ఇవతల ఉంటుంది, అదైనా కొన్ని రోజులు అటూ ఇటూ. అర్థం కానిది ఏదైనా ఉంటే మీ ఊరి ఏఎన్ఎంను అడగండి, డాక్టరును అడగండి. ఆ అమ్మాయిని అడగకండి. స్కానింగ్ కేంద్రాలు నడిపేవాళ్లకు, ఆసుపత్రుల వాళ్లకు కూడా మేస్త్రీ అడిగిందే నేనూ అడుగుతున్నాను: "ఈ వారాలు ఆఖరి నెలసరి నుంచి లెక్కించినవి" అని ప్రతి రిపోర్టు మీద తెలుగులో ఒక్క వాక్యం అచ్చువేయండి.